వేలు - వెల
(జూట్ మిల్లు చరిత్రలో మనం చదవని అధ్యాయం)

మూడేళ్ల కిందటి మాట. మా ఉన్నత పాఠశాలలో పిల్లల ప్రగతి పత్రాల మీద తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టిస్తున్నాం. చదువురాని వాళ్లు వేలిముద్ర వేస్తారు. మగవాళ్లు ఎడమ బొటనవేలు, ఆడవాళ్లు కుడి బొటనవేలు వేయడం కచేరీల కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. అలవాటుకొద్దీ సిరాపెట్టె ఆయన ఎడమచేతి వైపు జరిపాను. ఆయన కుడిచెయ్యి చాచాడు. "ఎడం చెయ్యి వెయ్యి నాయనా" అన్నాను. "ఎడందానికి ఏలు నేదు మేస్టారూ. జూట్ మిల్లులో రోలరు తినీసినాది" అన్నాడు. కుడి బొటనవేలు ముద్ర వేసి, తలకు వేలు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ మిల్లు ఏదో ఇక్కడ అనవసరం. ఆ వాక్యం మాత్రం నన్ను వదలలేదు. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక మొదట నాకు తట్టింది వ్యాకరణమే. ప్రమాదం జరిగినప్పుడు పై అధికారులు రాసే కాగితంలో కర్త ఎప్పుడూ కార్మికుడే: "ఫలానావాడు నడుస్తున్న యంత్రంలో చెయ్యి పెట్టెను." ఆయన వాక్యంలో కర్త రోలరు. తినడం దాని పని. ఆయన వేలు కర్మ. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా శైలీభేదం కాదు, వర్గభేదం. ఎవరి వాక్యం కాగితం మీద మిగిలింది, ఎవరిది గాలిలో పోయింది అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచుకున్న విషయం.

మన సాహిత్యానికి తెగిన బొటనవేలు కొత్తది కాదు. ఏకలవ్యుడి వేలును పద్యంలో, నాటకంలో, వచన కవితలో ఎన్నిసార్లు కోశామో లెక్కలేదు. గురుదక్షిణ పేరుతో జరిగిన అంగఛేదాన్ని వర్గదృష్టితో, కులదృష్టితో తిరిగి చదివిన గౌరవం అభ్యుదయ సాహిత్యానికి దక్కుతుంది. ఇంకొక బొటనవేలు బెంగాలు సాలెవాడిది. కంపెనీవాళ్లు ఢాకా మస్లిన్ నేతగాళ్ల వేళ్లు నరికించారన్న కథ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం, ఉపన్యాసాల్లో చెబుతున్నాం. అచ్చులో ఉన్న సాక్ష్యం కొంచెం వేరు. కంపెనీలోనే పనిచేసి దాని మీద తిరగబడిన విలియం బోల్ట్స్ 1772లో అచ్చువేసిన పుస్తకంలో రాసింది ముడిపట్టు చుట్టేవాళ్ల గురించి. బలవంతపు పని తప్పించుకోవడానికి వాళ్లు తమ బొటనవేళ్లు తామే కోసుకున్నారని ఆయన చెప్పాడు. ఇది జనశ్రుతి కన్నా భయంకరమైన కథ. అయినా మనకు జనశ్రుతే నచ్చింది. అందులో నరికేవాడు స్పష్టంగా కనిపిస్తాడు, చేతిలో కత్తి ఉంటుంది. తనంత తాను కోసుకున్నవాడి వెనక ఉన్న చేతిని చూపించాలంటే రచయిత కష్టపడాలి.

మూడో బొటనవేలు మన ఊరిది. రోలరు తిన్నది. ఇందులో ద్రోణుడు లేడు, దొర లేడు. సాహిత్యం దీని జోలికి రాకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉందని నా అనుమానం.

జూట్ మిల్లు మన ప్రాంతానికి నిన్న మొన్న వచ్చినది కాదు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకు ముందు ఇదంతా ఉమ్మడి విశాఖపట్నం జిల్లా. గోస్తనీ నది ఒడ్డున భీమునిపట్నం పక్కన చిట్టివలస మిల్లు 1867లో మొదలైందని చెబుతారు. చంపావతి ఒడ్డున నెల్లిమర్ల మిల్లు ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చింది. ఇంకా తర్వాత రాజాం, బొబ్బిలి, సాలూరు ప్రాంతాల్లో వెలిశాయి. వీటన్నిటికీ ఆధారం మన మెట్టపొలాల్లో పండే గోగు. గోగు కట్టెలను చెరువులో ఊరబెట్టి, మోకాలిలోతు కుళ్లునీళ్లలో నిలబడి నార తీస్తారు. భీమిలి రేవు నుంచి ఓడలెక్కినందువల్ల దానికి ప్రపంచ వ్యాపారంలో "బిమ్లీపట్నం జూట్" అని పేరు పడింది. ఒక ఊరు తన పేరును ప్రపంచానికి ఇచ్చింది. ఆ నారను పీచు చేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

యంత్రాలు స్కాట్లాండులోని డండీ పట్నం సంప్రదాయం. అక్కడ తిమింగలం నూనెతో తడిపితే గట్టి జనపనార యంత్రానికి లొంగుతుందని కనిపెట్టారు. ఆ యంత్రాలే 1855లో కలకత్తా దగ్గరి రిష్రాకు వచ్చాయి. ఆ తర్వాత హుగ్లీ పొడవునా పాకాయి.

1867 అన్న సంవత్సరం దగ్గర పాఠకుణ్ణి ఒక్క క్షణం ఆపుతాను. చిట్టివలసలో మిల్లు మొదలైందని చెప్పే ఆ ఏడే జర్మనీలో "పెట్టుబడి" మొదటి సంపుటం వెలువడింది. అందులో యంత్రాల మీద రాసిన సుదీర్ఘమైన అధ్యాయంలో మార్క్స్ ఐర్లండులోని నార మిల్లుల సంగతి ఎత్తుకుంటాడు. అవిసెనార చితగ్గొట్టే మిల్లులవి. కార్క్ సమీపంలో కిల్డినాన్ అనే చోట ఒకే మిల్లులో 1852, 1856 మధ్య ఆరు మరణాలు, అరవై అంగవైకల్యాలు సంభవించాయని, కొద్ది షిల్లింగుల ఖర్చుతో వాటన్నిటినీ నివారించవచ్చునని తనిఖీ నివేదికల ఆధారంగా ఆయన నమోదు చేశాడు. మనలో చాలామందికి అదనపు విలువ సూత్రం కంఠతా వచ్చు. ఈ ఆరూ అరవై లెక్క ఎంతమందికి గుర్తుంది? నాకే గుర్తులేదు. ఎం.ఏ. రోజుల్లో చదివి దాటేశాను. వేలు లేని తండ్రి వెళ్లిపోయాక మళ్లీ తీసి వెతుక్కున్నాను. సిద్ధాంతం చెప్పేవాడు కూడా వేళ్లు లెక్కపెట్టడం మానలేదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మిల్లు లోపలికి పోదాం. అయితే ముందు పొందూరులో ఆగాలి.

పొందూరు సన్నఖద్దరు అందరికీ తెలుసు. అక్కడి ఆడవాళ్లు పత్తిని వాలుగచేప దవడతో దువ్వుతారు. చేప పళ్లవరుస సన్నని దువ్వెన. పీచు చెత్త వదిలి, నిటారుగా సాగి, మెత్తబడుతుంది. దవడ ఆమె చేతిలో ఉంటుంది. అలసిపోతే పక్కన పెడుతుంది. పిల్ల ఏడిస్తే లేస్తుంది. జూట్ మిల్లులో కార్డింగు అంటే ఇదే పని. పెద్ద ఇనుప పీపా, దాని ఒళ్లంతా ఉక్కుసూదులు, దానికి ఎదురుగా తిరిగే చిన్న రోలర్లు, వాటికీ సూదులే. నార ఆ సూదుల మధ్య చీలి, చిక్కువిడి, తాడులాంటి పట్టీగా బయటికి వస్తుంది. చేప దవడ చేసిన పనే ఇక్కడ పీపా చేస్తుంది. ఒకే ఒక్క తేడా. అక్కడ చెయ్యి పళ్లను పట్టుకుంటుంది. ఇక్కడ పళ్లు చేతిని పట్టుకుంటాయి. శ్రమ పరాయీకరణ మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ రెండు దువ్వెనలంత స్పష్టంగా నాకు ఆ మాట బోధపరచలేదు.

కార్డింగు కన్నా ముందు సాఫ్ట్‌నర్ ఉంది. మెలితిరిగిన గాళ్లున్న రోలర్లు జంటలు జంటలుగా వరుసలో తిరుగుతుంటాయి. పై రోలరును స్ప్రింగు కిందికి అదుముతుంటుంది. నార కట్టలను నూనె, నీళ్లు కలిపిన ద్రావకంతో తడుపుతూ ఈ రోలర్ల మధ్యకు తోస్తారు. తోసేది చేతులతో. నార పొడుగ్గా ఉంటుంది, చేతికి చుట్టుకుంటుంది, తడిసి జారుతుంది. రోలరు నారను లాగేటప్పుడు అందులో వేలుందో లేదో దానికి పట్టదు. స్పిన్నింగులో కదుళ్లు, మగ్గాల దగ్గర ఎగిరివచ్చి కంటికి తగిలే నాడె, గోనెగుడ్డను ఇస్త్రీ చేసే క్యాలెండరు రోలర్లు, పళ్లచక్రాలు, వెనకటి రోజుల్లో కప్పు కింద పొడుగునా తిరిగే ఇరుసు, దాని నుంచి దిగే తోలుపట్టాలు, ప్రతి ఖాతాకూ తన నోరు ఉంది.

చేతులు అక్కడికి ఎందుకు వెళ్తాయి? "అజాగ్రత్త" అనే మాట ఒకటి మన నాలుకల మీద సిద్ధంగా ఉంటుంది. బయట నుంచి చూసేవాడికి అది నిజమనిపిస్తుంది కూడా. కాని పని తెలిసినవాణ్ణి అడిగి చూడండి. రోలరుకు పీచు చుట్టుకుంటుంది. తీయకపోతే దారం తెగుతుంది. యంత్రం ఆపి తీయాలి. ఆపితే ఉత్పత్తి పోతుంది. పట్టీ తర్వాత పట్టీ, కదురు తర్వాత కదురు, వెనకవాడూ ఆగాలి, ముందువాడూ ఆగాలి. జమేదారు అరుస్తాడు. అందుకని నడుస్తుండగానే కొక్కెంతోనో వేళ్లతోనో లాగేస్తారు. వెయ్యిసార్లు లాగితే వెయ్యిసార్లూ పీచే వస్తుంది. వెయ్యిన్నొకటోసారి కథ వేరు. ఆ వెయ్యిసార్లు మిగిలిన లాభం యజమాని ఖాతాలో ఉంటుంది. వెయ్యిన్నొకటో దానికి పేరు అజాగ్రత్త.

చట్టానికి ఈ సంగతి తెలియదనుకోకండి. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రమాదకరమైన యంత్రాలకు కంచె కట్టాలన్న మాట, ప్రమాదాలను తెలియజేయాలన్న మాట ఉన్నాయి. అది నూరుమంది పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తించేది. ఏడేళ్ల పిల్లవాణ్ణి తొమ్మిది గంటలు పనిలో పెట్టుకోవడానికి అభ్యంతరం చెప్పని చట్టం కూడా అదే. 1948 చట్టం దగ్గరికి వచ్చేసరికి 21వ సెక్షను కంచె సంగతి వివరంగా చెప్పింది. 22వ సెక్షను నడుస్తున్న యంత్రం దగ్గర పనికి ప్రత్యేక శిక్షణ పొందిన వయోజనుడైన పురుషుణ్ణే పెట్టాలనీ, అతనికి యజమానే బిగుతైన దుస్తులు ఇవ్వాలనీ చెప్పింది. పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని మిల్లుకు వెళ్లిన మన తాతలను తలచుకుంటే ఆ బిగుతు దుస్తుల సెక్షను ఎంత దూరం నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 88వ సెక్షను ప్రకారం మరణం సంభవించినా, గాయపడ్డవాడు 48 గంటలు పనికి రాలేకపోయినా తనిఖీ అధికారికి నోటీసు పంపాల్సి ఉండేది. ఈ 48 గంటలను గుర్తుపెట్టుకోండి. వేలికి గుడ్డ చుట్టించి మర్నాడు గేటు దగ్గర హాజరు వేయించి ఒక మూల కూర్చోబెడితే, ఆ గాయం చరిత్రలోకి ఎక్కదు.

ఇక 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. నేను దాన్ని సాహిత్య విద్యార్థిగా చదివాను, న్యాయవాదిగా కాదు. దాని మొదటి షెడ్యూలు చదువుతుంటే నాకు మన ప్రబంధాల్లోని అంగాంగవర్ణన గుర్తొచ్చింది. క్షమించాలి, ఇది వెటకారం కాదు. అంత నిశితంగా చేతిని చూసిన రచన తెలుగులో నాకు కనిపించలేదు. బొటనవేలు పోతే సంపాదనశక్తిలో నష్టం 30 శాతం. మొదలెముకతో సహా పోతే 40. చూపుడువేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక తెగకుండా కొస మాత్రం ఎగిరిపోతే 5. నడిమివేలు 12. ఉంగరపువేలు గాని చిటికెనవేలు గాని 7, వాటి కొస తెగితే 2. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. ఎముక లేని ఆ కొసతెగుడుకు చట్టం వాడిన విశేషణం "గిలటిన్". ఫ్రెంచి విప్లవం రాజు తల తీసిన పరికరం పేరు మన మిల్లు కూలీ చిటికెనవేలి కొసకు దక్కింది.

ఈ శాతాలతో ఏం చేస్తారు? సవరణలన్నీ చేరాక ఆ చట్టం లెక్క ఇలా ఉండేది: నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన ఒక అంకెతో హెచ్చవేయాలి, అందులో వేలు శాతం తీయాలి. నలభై ఏళ్లవాడికి ఆ అంకె 184.17. యాభై ఏళ్లవాడికి 153.09. పదివేల జీతగాడైతే నలభైలో బొటనవేలు 3,31,506 రూపాయలు, యాభైలో అదే వేలు 2,75,562 రూపాయలు. పదేళ్లు ముసలిదైన వేలు 55,944 రూపాయలు చవక. ఇ.ఎస్.ఐ. ఉన్న మిల్లుల్లో మొత్తం ఒకేసారి కాకుండా నెలనెలా వస్తుంది, శాతాల పట్టిక మాత్రం ఇదే. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా ఈ పట్టిక చేరింది. 

ఈ చట్టంలో ఒక వివేకం ఉందని ఒప్పుకోవాలి. తాగి ఉండడం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కవచాన్ని కావాలని తీసేయడం, వీటిని యజమానికి సాకులుగా ఒప్పుకుంది గాని, ఉత్త అజాగ్రత్తను ఒప్పుకోలేదు. పొరపాటున చెయ్యి పెట్టినవాడికీ పరిహారం ఉంది. అంటే మనం వీధిలో నిలబడి "వాడే చెయ్యి పెట్టాడటండీ" అని తేల్చేసినదాన్ని 1923లో దొరతనం వారి చట్టమే తేల్చలేదు.

అయినా ఆ పట్టికకు ఒక కన్నే ఉంది. అది సంపాదించే చేతినే చూస్తుంది. అన్నం కలిపే చేతిని, జడ వేసే చేతిని, పాలు పితికే చేతిని చూడదు. డప్పు వాయించేవాడికి చిటికెనవేలు ఏడు శాతమా? ఇక్కడ చట్టం ఆగిపోతుంది. సాహిత్యం మొదలు కావలసిన చోటు ఇది. మొదలు కాలేదు.

మన ఉత్తరాంధ్ర కథ దేశానికే తలమానికమైనది. ఈ మాట ప్రాంతాభిమానంతో అనడం లేదు. గురజాడ నుంచి మొదలుపెట్టి చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు, భూషణం, తర్వాతి తరం వరకు ఇక్కడి పేదవాడి ఆకలిని, అప్పును, భూమిని, సారాను, పోలీసును, కోర్టును ఇంత సూక్ష్మంగా చూసినవాళ్లు తక్కువ. రావిశాస్త్రి న్యాయవాది. "ఆరు సారా కథలు"లో ఆయన చూసిన కోర్టు క్రిమినలు కోర్టు. నష్టపరిహారపు కమిషనరు ముందు వేలు చూపిస్తూ నిలబడ్డవాడు ఆయనకు తగిలి ఉంటే ఏం రాసేవారో అని నాకు ఆశ. కారా మాస్టారు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడు. "యజ్ఞం" కథంతా ఒక అప్పు లెక్క చుట్టూ తిరుగుతుంది. న్యాయంగా, తప్పులేకుండా వేసిన లెక్క మనిషిని ఎలా మింగుతుందో చూపించిన ఆ కలానికి 184.17 అనే అంకె దొరికి ఉంటే! ఆయన 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయంలో ఒక వేసవి సెలవుల్లో కూర్చుని నేను వెతికాను. కార్మికుడి కథలు లేకపోలేదు. సమ్మె ఉంది, లాకౌటు ఉంది, నాయకుడి ద్రోహం ఉంది, బోనసు ఉంది. నేను చదివినంతలో తొమ్మిది వేళ్లతో ముప్పై ఏళ్లు బతికిన మనిషి మాత్రం కథానాయకుడుగా దొరకలేదు. ఎవరైనా చూపిస్తే సంతోషంగా తప్పు దిద్దుకుంటాను.

కవిత్వం సంగతి ఇంకా విచిత్రం. మనకు కార్మికుడి చెయ్యి అంటే బిగించిన పిడికిలి. ముఖచిత్రాల మీద, గోడల మీద, సభావేదికల వెనక, ఎక్కడ చూసినా అదే. నా ఎడమ బొటనవేలును అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో పిడికిలి బిగించి చూశాను. బిగియదు. మన ప్రతీక పూర్తి చెయ్యి ఉన్నవాడికే సరిపోయింది.

విదేశీ సాహిత్యంలో ఈ పని చేసిన నవల ఒకటుంది. దాని గతి కూడా తెలుసుకోవాలి. 1904లో అప్టన్ సింక్లెయిర్ అనే యువకుడు అమెరికాలోని షికాగో పశువుల కబేళాల మధ్య ఏడు వారాలు గడిపి "ది జంగిల్" రాశాడు. ముందు ఒక సోషలిస్టు పత్రికలో ధారావాహికగా, 1906లో పుస్తకంగా వచ్చింది. అవి మన ఊరి కటిక దుకాణాల్లాంటివి కావు. వేలాది పశువులు గొలుసులకు వేలాడుతూ కదిలి వస్తుంటే ఒక్కొక్కడు ఒక్కొక్క కోత మాత్రమే కోసే ఫ్యాక్టరీలు. ఆ గొలుసు వేగం పెంచడమే అక్కడ యాజమాన్యపు కళ. ఒక అధ్యాయంలో సింక్లెయిర్ ఖాతా ఖాతా తిరిగి చేతులను వర్ణిస్తాడు. ఊరవేసే గదుల్లో ఆమ్లం తిన్న వేళ్లు, ఉన్ని పీకేవాళ్ల పుండ్లు, డబ్బాలు కత్తిరించేవాళ్ల గాయాలు. కత్తి పట్టే పనివాళ్లలో బొటనవేలు సరిగా పనిచేసేవాడు దాదాపు లేడంటాడు. మళ్లీ బొటనవేలే. ఆవిరి తొట్లలో పడిపోయిన మనుషులు కొవ్వుతో కలిసి డబ్బాల్లోకి వెళ్లారన్న భయంకరమైన మాట కూడా అక్కడే ఉంది.

అమెరికా పాఠకుడు ఆ మాట చదివి ఉలిక్కిపడ్డాడు, తన డబ్బాలో ఏముందోనని. ప్రభుత్వం కదిలింది. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధాల శుద్ధి చట్టం వచ్చాయి. మాంసం శుభ్రపడింది. కోసేవాడి బొటనవేలికి ఆ రెండు చట్టాల్లోనూ చోటు లేదు. తాను గుండెకు గురిపెడితే దెబ్బ కడుపుకు తగిలిందని సింక్లెయిరే తర్వాత వాపోయాడు.

ఈ ఉదంతాన్ని మన గోనెసంచికి అన్వయించుకుంటే ఒక సంగతి తేలుతుంది. షికాగోవాడి వేలు కనీసం భోక్తకు భయం పుట్టించగలిగింది. మన జూట్ మిల్లువాడి వేలు ఎవరి నోట్లోకీ రాదు. సంచిలో బియ్యం ఉంటాయి, పంచదార ఉంటుంది. సంచి దులిపి పరుచుకుంటాం, చలికి గుమ్మానికి కడతాం. అందులో మనిషి రుచి తగలదు. భోక్త భయపడితే తప్ప కదలని రాజ్యానికి గోనెసంచి ఏం చెబుతుంది? కాబట్టి ఈ చోట రచయిత బాధ్యత సింక్లెయిర్ బాధ్యత కన్నా బరువైనది. ఆయనకు పాఠకుడి కడుపు సాయం చేసింది. మనకు ఆ సాయం కూడా లేదు.

మన ప్రాంతపు మిల్లు చరిత్రలో సాహిత్యం, రాజకీయం రెండూ గుర్తుపెట్టుకున్న రోజు ఒకటుంది. 1994 జనవరిలో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. అదే జనవరి ఒకటో తేదీన విజయనగరపు మన చాసో కన్నుమూశారు. మిల్లు ఆయన ఊరికి కూతవేటు దూరం. ఆ నెలలో ఆయన బతికి ఉంటే అని అనుకోని సాహిత్యపరుడు మా వైపు లేడు. కాల్పుల్లో పోయినవాళ్లను ఏటేటా తలచుకుంటున్నారు. తలచుకోవాలి. వాళ్ల త్యాగాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. కాని ఒక ప్రశ్న వేసుకోవాలి. తుపాకీ గుండుకు తేదీ ఉంది, శబ్దం ఉంది, పేల్చినవాడు ఉన్నాడు. రోలరుకు ఇవేవీ లేవు. ఒక్కొక్క షిఫ్టులో ఒక్కొక్క కణుపు చొప్పున నూటయాభై ఏళ్లుగా తిన్నదానికి వర్ధంతి ఏ రోజు చేస్తాం? సాహిత్యం కూడా వార్తాపత్రికలాగే సంఘటన కోసం కాచుకుని కూర్చుంటే, సంఘటన కాని హింస అంతా దాని కంటపడకుండా పోతుంది.

ఇక్కడ మిత్రులు కొందరు అడ్డుతగులుతారు. "వేలు తెగితే కథ అవుతుందా? అది కరపత్రానికి వస్తువు. కథకు సంఘర్షణ కావాలి, మలుపు కావాలి" అంటారు. ఒక సాహిత్య సభలో ఈ మాట నాతో అననే అన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. వేలు తెగిన క్షణాన్ని రాస్తే నెత్తురు తప్ప ఏమీ రాదు. దాన్ని వర్ణించడం సులువు, పాఠకుడు మొహం తిప్పుకోవడం ఇంకా సులువు. వస్తువు ఆ క్షణంలో లేదు, తర్వాత ఉంది. కార్డింగు నుంచి తీసి ఊడ్చే పనిలో పెట్టినప్పుడు తగ్గిన కూలి. పెళ్లిచూపుల్లో కండువా కింద దాచుకున్న చెయ్యి. డాక్టర్ల బోర్డు ముందు ఇరవయ్యా ముప్పయ్యా అని జరిగే బేరం. పరిహారం వచ్చిందని తెలిసి అప్పులవాడు ఇంటికి రావడం. ఇంకా ముఖ్యమైనది, ఆ యంత్రం దగ్గర మర్నాడు నిలబడ్డ ఇంకొక కుర్రవాడు. వాడికి వేలు ఎందుకు ఖాళీ అయిందో తెలుసు. తెలిసీ నిలబడ్డాడు. ఇంతకన్నా సంఘర్షణ ఏ నాటకంలో ఉంది?

మిల్లు యంత్రం ఇప్పుడు పాతబడిపోయిందనే మాట కూడా విన్నాను. చిట్టివలస మిల్లు 2009లో లాకౌటు పడింది. మిగతా వాటిలో చాలా మిల్లులు ఏళ్లకేళ్లు మూతపడడం, తెరవడం, మళ్లీ మూతపడడం మనం చూశాం. మిల్లు మూతపడితే ఇనుము తూకానికి పోతుంది. గాయాలు రాసిన రిజిస్టర్లు చెదలకు పోతాయి. వేళ్లు లేని మనుషులు మాత్రం ఊళ్లలో ఉంటారు. వాళ్ల పిల్లలు పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకు, సముద్రపుటొడ్డు రొయ్యల శుద్ధి కర్మాగారాలకు, హైదరాబాదు, చెన్నై పక్కన ప్రెస్సు యంత్రాల దగ్గరికి వెళ్తున్నారు. పలాసలో జీడిగింజల తొక్కనూనె కాల్చిన ఆడవాళ్ల వేళ్లు నల్లబడి ఉంటాయి. అక్కడ వేలు పోదు, వేలిముద్ర గీతలు అరిగిపోతాయి. పొలంలోనూ ఇంతే. నూర్పిడి యంత్రాలు చేతులు లాగేస్తుంటే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణకు పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. మన రైతు కథల్లో నూర్పిడి ఎంతో అందంగా ఉంటుంది.

ఈ విమర్శలో నన్ను నేను మినహాయించుకోవడం లేదు. ఆ తండ్రి వచ్చి వెళ్లిన కొన్నాళ్లకు పాత రాతపుస్తకాల కట్ట విప్పుతుంటే ఆయన కూతురి వ్యాసరచన పుస్తకం కనిపించింది. అంతకు ముందటి సంవత్సరం, ఎనిమిదో తరగతిలో, "మా నాన్న" అనే అంశం నేనే ఇచ్చాను. పిల్లలందరూ రాసినట్టే ఆ పిల్లా రాసింది: మా నాన్న మంచివాడు, కష్టపడతాడు, పండక్కి బట్టలు కొంటాడు. మధ్యలో ఒక వాక్యం ఉంది. పొద్దున్నే నాన్న చొక్కా గుండీలు తానే పెడుతుందట. దాని పక్కన నా ఎర్రసిరా ఉంది. "గుండీలు" అన్న మాటలో "డీ"కి దీర్ఘం పెట్టలేదని సున్న చుట్టాను. కింద పదికి ఆరు మార్కులు వేసి సంతకం పెట్టాను.